చిరునామాలు అచ్చేసిన పత్రిక

న్యూయార్క్‌లో హ్యూగో గెర్న్స్‌బాక్ 1926 ఏప్రిల్ సంచికతో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రిక మొదలుపెట్టాడు. పూర్తిగా సైన్స్ ఫిక్షన్‌కే కేటాయించిన తొలి ఇంగ్లీషు పత్రిక అది. అందులో వచ్చిన కథల్లో చాలావాటిని ఇవాళ ఎవరూ గుర్తు పెట్టుకోలేదు గానీ, ఉత్తరాల పేజీలో ఆయన చేసిన చిన్న పని మాత్రం పెద్ద ఫలితాన్నిచ్చింది. ఉత్తరం రాసినవాళ్ళ పేరుతో పాటు పూర్తి చిరునామా కూడా అచ్చేశాడు. దాంతో ఏ ఊళ్ళో ఎవరు ఈ కథలు చదువుతున్నారో పాఠకులకు తెలిసిపోయింది. సంపాదకుడికి రాసేవాళ్ళు ఒకరికొకరు రాసుకోసాగారు. క్లబ్బులు పుట్టాయి. 1930లో ‘ది కామెట్’ పేరుతో పాఠకులే ఒక పత్రిక తెచ్చుకున్నారు. ఇలాంటివాటికే తర్వాత ఫ్యాన్‌జైన్ అన్న పేరు స్థిరపడింది. క్లీవ్‌లాండ్‌లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే కుర్రాళ్ళు నడిపిన ఫ్యాన్‌జైన్‌లో 1933లో ‘సూపర్‌మ్యాన్’ పేరుతో ఒక పాత్ర వచ్చింది. అప్పట్లో వాడు దుర్మార్గుడు. అదే పేరుతో వాళ్ళిద్దరూ సృష్టించిన వీరుడు 1938లో కామిక్స్‌లోకి వచ్చాడు.

సైన్స్ ఫిక్షన్ అనగానే మనకు కోట్ల బడ్జెట్లు, గ్రాఫిక్స్ గుర్తొస్తాయి. కానీ ఈ సాహిత్యాన్ని నిలబెట్టిన ఘనతలో పెద్ద వాటా, చదివి ఊరుకోని పాఠకులదేనని నా అభిప్రాయం. 1939లో న్యూయార్క్‌లో జరిగిన తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభకు వచ్చింది సుమారు 200 మంది. రచయితగా అప్పటికింకా పేరు లేని రే బ్రాడ్‌బరీ అప్పు చేసి మరీ లాస్ ఏంజెలిస్ నుంచి వచ్చాడు. పంతొమ్మిదేళ్ళ రచయిత ఐజాక్ అసిమోవ్ కూడా ఆ గుంపులోనే ఉన్నాడు. మర్టల్ డగ్లస్ అనే అభిమాని కుట్టిన భవిష్యత్తు కాలపు దుస్తుల్లో ఆమె, మరో అభిమాని ఫారెస్ట్ ఆకర్‌మన్ సభలో తిరిగారు. ఇవాళ దేశదేశాల్లో కనిపించే కాస్‌ప్లేకి, అంటే ఇష్టమైన పాత్రల వేషాలు కట్టడానికి, తొలి అడుగుల్లో అదొకటి. ఈ ప్రపంచ సభ తరఫున 1953లో మొదలైన హ్యూగో అవార్డులకు న్యాయనిర్ణేతల సంఘం లేదు. చందా కట్టిన సభ్యులు వేసే ఓట్లే విజేతను తేలుస్తాయి.

బ్రిటన్‌లో జరిగింది ఇంకా గొప్ప సంగతి. బీబీసీ 1963లో ‘డాక్టర్ హూ’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ ప్రసారం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదైన వస్తువు, పాత ఎపిసోడ్లు మళ్ళీ వేసుకునే హక్కులూ పరిమితమే. అందుకని టేపులు చెరిపి వేరే కార్యక్రమాలకు వాడుకున్నారు. ఎన్నో ఎపిసోడ్ల బొమ్మ అలా పోయింది. అయితే ప్రసారమవుతున్నప్పుడే కొందరు అభిమానులు టీవీ స్పీకరు దగ్గర మైకు పెట్టి, చక్రాల టేపు రికార్డరు మీద మాటలూ సంగీతమూ పట్టి దాచుకున్నారు. ఇంట్లో వీడియో అన్నదే ఎరగని కాలంలో, ఇష్టమైన కథను మళ్ళీ వినాలంటే వాళ్ళకున్న దారి అదొక్కటే. ఆ పుణ్యాన బొమ్మ దొరకని ప్రతి ఎపిసోడుకూ ధ్వని మిగిలింది. 2016లో బీబీసీ అలా బొమ్మ పోయిన ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ కథను యానిమేషన్‌గా తెచ్చినప్పుడు వినిపించింది అభిమానులు దాచిన ఆ ధ్వనే. సొంతదారు పారేసినదాన్ని ప్రేక్షకుడు కాపాడాడు!

జపాన్‌లో 1981లో ఒసాకాలో జరిగిన అభిమానుల సభకు ప్రారంభ చిత్రంగా విద్యార్థులు ఒక చిన్న యానిమేషన్ తీశారు. ఆ బృందమే 1984లో గైనాక్స్ స్టూడియో పెట్టింది. అందులోని హిడెయాకి అన్నో 1995లో ‘ఇవాంజెలియన్’ యానిమేషన్ సీరియల్ తీశాడు.

అభిమానుల బలాన్ని ఎక్కువ చేసి చెబుతున్నామనే వాదన ఉంది. 1968లో వెల్లువెత్తిన ఉత్తరాలతో అమెరికన్ టీవీ సంస్థ ఎన్‌బీసీ ‘స్టార్ ట్రెక్’ సీరియల్‌కి మూడో సీజన్ ఇచ్చినా, 1969లో ఆపేసిందిగా అంటారు. నిజమే. కానీ ఆ సీజన్‌తో కలిపి 79 ఎపిసోడ్లు చేతికొచ్చాయి. స్థానిక చానెళ్ళు పునఃప్రసారాలకు వాడుకోవడానికి ఆ సంఖ్య అక్కరకొచ్చింది. సీరియల్‌కి అసలు జనాదరణ ఆ పునఃప్రసారాలతోనే పెరిగింది. పదేళ్ళకు, 1979లో సినిమాగా తిరిగొచ్చింది.

రెండో ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. అభిమానం ముఠాతత్వంగా మారుతుందని. మారుతుంది కూడా. 1939 సభలోనే నిర్వాహకులు ఎదుటి వర్గానికి చెందిన ఆరుగురిని గుమ్మంలో ఆపేశారు. వాళ్ళలో తర్వాత గొప్ప రచయిత అయిన ఫ్రెడరిక్ పోల్ ఒకడు. 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగిన ప్రపంచ సభలో కొన్ని రచనలను కారణం చెప్పకుండా హ్యూగో పోటీ నుంచి తప్పించారు. ఆర్.ఎఫ్. కువాంగ్ నవల ‘బేబెల్’ వాటిలో ఒకటి. ఇది మామూలు పొరపాటు కాదు, ఓటు వేసిన పాఠకుడికి జరిగిన అన్యాయం. అంత మాత్రాన నిర్ణయాన్ని పాఠకుల చేతిలోంచి తీసేయడం మందు కాదు. చెంగ్డూ ఓట్ల లెక్కలు అచ్చయ్యాక వాటిని వరసవరసా పరిశీలించి తప్పులు పట్టిందీ, నిర్వాహకుల మధ్య నడిచిన ఈమెయిళ్ళను బయటపెట్టిందీ ఈ అభిమాన లోకంలోని వాళ్ళే. ఆ మరుసటి ఏడు గ్లాస్గోలో జరిగిన ప్రపంచ సభ నిర్వాహకులు ఒక పోటీదారుకు మేలు చేసేందుకు దొంగ సభ్యత్వాలతో ఓట్లు పడ్డాయని గుర్తించారు. 3,813 ఓట్లలో 377 చెల్లవని కొట్టేసి, ఆ సంగతిని ఫలితాలకు ముందే బహిరంగంగా ప్రకటించారు.