కొలత అనిశ్చితి - నాణ్యతా తనిఖీ

ఒక వస్తువును కొలిచినపుడు వచ్చిన విలువకు అటూ ఇటూ ఎంత మేర నిజవిలువ ఉండవచ్చునో తెలిపే పరిమాణాన్ని కొలత అనిశ్చితి అంటారు. తయారైన భాగాలను ఆమోదించాలా, తిరస్కరించాలా అని నిర్ణయించేటపుడు దీనిని పరిగణించాలి. దోషం, అనిశ్చితి ఒకటి కావు. కొలిచిన విలువకూ నిజవిలువకూ గల తేడా దోషం. తెలిసిన దోషాలను సవరించిన తరువాత కూడా మిగిలే సందేహమే అనిశ్చితి.

కారణాలు

పరికరం, దాని క్యాలిబ్రేషన్, కొలిచేవారి చేతి ఒత్తిడి, ఉపరితలపు గరుకుదనం, ఉష్ణోగ్రత మొదలైనవి ముఖ్య కారణాలు. పొడవు కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. 25 మి.మీ. వ్యాసం గల ఉక్కు కడ్డీ 35 డిగ్రీల వద్ద సుమారు 4 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. పరికరం కూడా ఉక్కుదై, అదే ఉష్ణోగ్రతలో ఉంటే ఈ ప్రభావం చాలావరకు రద్దవుతుంది. భారతదేశంలో పొడవు జాతీయ ప్రమాణాన్ని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిర్వహిస్తుంది. కర్మాగారంలోని మైక్రోమీటరు క్యాలిబ్రేషన్ అంచెలంచెలుగా జాతీయ ప్రమాణంతో ముడిపడి ఉండాలి.

గణన

ఒకదానితో ఒకటి సంబంధం లేని కారణాలైతే, ఒక్కొక్కదాని ప్రామాణిక అనిశ్చితిని వర్గం చేసి, కూడి, ఆ మొత్తానికి వర్గమూలం తీస్తారు. దీనిని సాధారణంగా 2తో గుణిస్తే విస్తృత అనిశ్చితి వస్తుంది. నిజవిలువ ఈ మేరలో ఉంటుందని సుమారు 95 శాతం విశ్వాసంతో చెప్పవచ్చును.

ఉదాహరణ

బేరింగులో అమర్చవలసిన ఒక షాఫ్టు వ్యాసం 25.000 ± 0.020 మి.మీ. ఉండాలనుకుందాం. అనగా పరిమితులు 24.980, 25.020. విస్తృత అనిశ్చితి 0.004 మి.మీ. తనిఖీలో 25.018 వచ్చినచో అది పరిమితి లోపలే ఉన్నట్లు కనిపిస్తుంది. కాని నిజవిలువ 25.014 నుండి 25.022 వరకు ఎక్కడైనా ఉండవచ్చును. కనుక ఈ షాఫ్టు సరైనదని రూఢిగా చెప్పలేము.

అందువలన పరిమితులను రెండు వైపులా 0.004 చొప్పున లోపలికి జరుపుతారు. ఇలా వదిలిన అంతరాన్ని రక్షణ పట్టీ అనవచ్చును. అపుడు ఆమోద మండలం 24.984 నుండి 25.016 వరకు ఉంటుంది.

నిర్ణయ నియమం

1998లో తొలిసారి వెలువడిన ఐఎస్ఓ 14253-1 ప్రమాణం ప్రకారం, నిరూపించవలసినవారే అనిశ్చితి భారాన్ని మోయాలి. భాగం సరైనదని చూపవలసిన సరఫరాదారుకు ఆమోద మండలం కుంచించుకుపోతుంది. భాగం లోపభూయిష్టమని వాదించే కొనుగోలుదారు, కొలత 25.024కు పైన గాని 24.976కు దిగువన గాని ఉన్నట్లు చూపాలి. ఈ రెంటి నడుమ ఉన్న కొలతలతో ఇరువురిలో ఎవరూ తమ వాదన నిరూపించలేరు. కనుక ఏ నియమం పాటించాలో ఒప్పందంలోనే రాసుకోవడం మంచిది. ఈ ప్రమాణపు 2017 కూర్పు, వేరే ఒప్పందం లేనపుడు, 95 శాతం సంభావ్యతను గీటురాయిగా తీసుకుంటుంది.

ప్రాముఖ్యత

పై ఉదాహరణలో 0.040 మి.మీ. టాలరెన్సులో ఐదవ వంతు అనిశ్చితికే పోయింది. ఆ మేరకు మంచి షాఫ్టులు కూడా తిరస్కరణకు గురి కావచ్చును. అనిశ్చితిని 0.001కు తగ్గిస్తే ఆమోద మండలం 0.032 నుండి 0.038 మి.మీ.కు పెరుగుతుంది. మెరుగైన పరికరానికి అయ్యే ఖర్చును, తిరస్కరణ వలన కలిగే నష్టాన్ని, చెడు భాగం యంత్రంలోకి వెళితే సంభవించే ప్రమాదాన్ని సరిచూసుకొని తనిఖీ పద్ధతిని ఎంచుకోవాలి.