పోర్ట్‌లెండ్ హెడ్ దీపస్తంభము

సముద్రతీరపు గ్రామములలో పెరిగిన విద్యార్థులు దీపస్తంభమును దూరమునుండియైనను చూచియుందురు. రాత్రివేళ అది మెఱసి, ఆరి, మరల మెఱయుట వారెఱుగుదురు. అది ఓడల నెట్లు కాపాడునో, దీపమునకు తోడు మరి యేమి కావలయునో తెలియుటకై ఒక ప్రసిద్ధ దీపస్తంభముయొక్క వృత్తాంతము నిచ్చట వ్రాయుచున్నాను.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈశాన్యపు కొనను మైన్ అను రాష్ట్రము కలదు. నెల్లూరులో తెలుగువారి మధ్య చిరకాలము పనిచేసిన లైమన్ జూవెట్టు దొరగారు 1813లో జన్మించినది ఈ రాష్ట్రమందే. అచ్చటి కేప్ ఎలిజబెత్ అను ఊరిలో, పోర్ట్‌లెండ్ రేవునకు దారి చూపుచు, రాతికొనమీద తెల్లని స్తంభము నిలిచియున్నది. దాని ప్రక్కనున్న 90 ఎకరముల ఉద్యానవనమునకు ఫోర్టు విలియమ్స్ పార్కు అని పేరు. అది మొదట సైనికుల కోట. 1962లో కోట మూయబడగా, 1964లో ఊరివారు ఆ స్థలమును కొని, 1979లో ఉద్యానవనముగా నేర్పరచిరి. పచ్చిక బయళ్లు, నల్లని బండలు, వానిమీద విరిగి నురుగై లేచు కెరటములు చూపరుల మనస్సు నాకర్షించును. అయితే చూడ సొగసైన ఆ బండలే ఓడలకు మృత్యుస్థానములు.

స్తంభముయొక్క పని 1787లో ఆరంభమయ్యెను. అధ్యక్షుడైన జార్జి వాషింగ్టన్ కాలమున అది ముగిసి, 1791వ సంవత్సరము జనవరి 10వ తేదీని తిమింగలపు నూనెతో తొలిదీపము వెలిగింపబడెను. చుట్టుపట్ల పొలములలోను ఒడ్డునను దొరకిన రాళ్లతోనే దానిని కట్టిరి. మొదట 58 అడుగుల యెత్తు చాలునని తలంచిరిగాని, దక్షిణపు మెట్ట అడ్డువచ్చునని తెలిసి 72 అడుగులకు పెంచిరి.

ఎత్తు ఏల కావలయును? భూమి గుండ్రముగా నుండుటచేత, దీపము తక్కువ యెత్తున నున్నయెడల దూరపు ఓడకు సముద్రపు వంపు దానిని మరుగుచేయును. ఈ పాఠమును జనులు నష్టముపొంది నేర్చుకొనిరి. 1864 ఫిబ్రవరిలో బొహీమియన్ అను పొగయోడ అచ్చటికి సమీపమున బండకు తగిలి మునుగగా, సుమారు 40 మంది ప్రాణములు కోల్పోయిరి. పిమ్మట స్తంభమును 20 అడుగులు పెంచిరి. 1883లో దానిని తగ్గింపగా ఓడవారు మొఱపెట్టిరి. కావున మరల పెంచవలసివచ్చెను.

ఎత్తు మాత్రమే చాలదు. దీపకాంతి అన్ని దిక్కులకు చెదరిపోవును. ఫ్రాన్సు దేశస్థుడైన ఫ్రెనెల్ కనిపెట్టిన అద్దములో అనేకమైన గాజుపలకలు వలయములుగా అమర్చబడి, చెదరు కాంతిని వంచి, ఒక్క పట్టీగా సముద్రమువైపునకు పంపును. ఇట్టి అద్దము ఇచ్చట 1855లో అమర్చబడెను. మరియు దీపములు ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగా మెఱయును. ఈ దీపము నాలుగు సెకండ్ల కొకసారి మెఱయును. ఆ లెక్కచేతనే నావికుడు తానెచ్చటనున్నది గుర్తించును.

ఇక దీపమును కాచిన మనుష్యులనుగూర్చి చెప్పవలెను. మొదటి కావలివాడైన జోసెఫ్ గ్రీన్‌లీఫ్ అనునతనికి ప్రారంభమున జీతమే లేదు. ఇంట నివసించుటకును, చేపలు పట్టుటకును, సేద్యము చేసికొనుటకును మాత్రము సెలవిచ్చిరి. 1793లో ఏటికి 160 డాలర్లు ఏర్పరచిరి. తరువాత జాషువా స్ట్రౌట్ 1869 మొదలు 1904 వరకును, అతని కుమారుడు జోసెఫ్ 1928 వరకును ఆ పని చేసిరి.

1886వ సంవత్సరము క్రిస్మసుకు ముందటి రాత్రి, అనీ సి. మెగ్వైర్ అను తెరచాపల ఓడ స్తంభము చెంతనే బండలమీదికెక్కెను. దీపము ఆరిపోలేదు, అది తమకు స్పష్టముగా కనబడినదని ఓడవారే చెప్పిరి. అయినను ఓడ పగిలెను. అప్పుడు స్ట్రౌటును, ఇంటివారును, తోడివారును ఒక నిచ్చెనను తెచ్చి, ఒడ్డునకును బండకును నడుమ వంతెనగా వేసి, ఓడలోనివారి నందరిని క్షేమముగా దాటించిరి. ఆ సంగతి నేటికిని అచ్చటి బండమీద వ్రాయబడియున్నది.

1989లో దీపము యంత్రమునకు అప్పగింపబడినది. కావలివారి యిల్లు 1992 మొదలు ప్రదర్శనశాలయైనది. సందర్శకులు దానిని చూచి, స్తంభమును కొనియాడి పోవుదురు.

బాలబాలికలారా, దీపము దారిని చూపునేగాని ఓడను నడుపదు. మీ ఉపాధ్యాయులును తలిదండ్రులును చూపు వెలుగు అట్టిదే. చుక్కాని మీ చేతిలోనిది. అయినను వెలుగును చూచియు తప్పిపోయినవాడు ఒకడు మీకు కనబడినయెడల, “చూడలేదా?” అని నిందింపక, ముందుగా నిచ్చెన తీసికొని పరుగెత్తుడి.