రోబో నడిపిస్తే నడక వచ్చేస్తుందా?

ఎమ్మెస్ అని పొట్టిగా పిలిచే మల్టిపుల్ స్క్లీరోసిస్‌లో శరీర రక్షణ వ్యవస్థే నరాల పైపొర మయలిన్‌ను దెబ్బతీస్తుంది. కాళ్లు బిగుసుకుపోవడం, తూలడం, నాలుగడుగులకే అలసిపోవడం చాలామందికి ఎదురయ్యేవే. అందుకే రోబో మనిషిని నడిపిస్తున్న వీడియో ఫోన్‌లోకి రాగానే ఇంటిల్లిపాదికీ ఆశ పుడుతుంది. ఆశను తప్పుపట్టను. దాని వెంట వచ్చే కొన్ని నమ్మకాలతోనే పేచీ.

అపోహ: రోబో ఎక్కితే కాళ్లు మునుపటిలా అవుతాయి.

దెబ్బతిన్న మయలిన్‌ను ఏ రోబో బాగుచేయదు. డాక్టరు రాసిన మందులు ఆపి దీనికి రావడం ప్రమాదం. స్విట్జర్లాండ్‌లో పుట్టిన లోకోమ్యాట్ అనే నడక రోబోనే చూడండి. పైనుంచి వేలాడే పట్టీలు రోగి బరువులో కొంత మోస్తాయి. తుంటి, మోకాళ్ల దగ్గరి మోటార్లు ట్రెడ్‌మిల్ మీద అడుగులు వేయిస్తాయి. ఫిజియోథెరపిస్టులు వంగి, కాళ్లు పట్టుకుని వేయించాల్సిన అడుగుల్ని వాళ్ల నడుము పడిపోకుండా వేయించడమే దీని గొప్ప.

అపోహ: మామూలు ఫిజియోథెరపీ కంటే రోబోదే పైచేయి.

ఇటలీలోని ఫెరారా పరిశోధకులు సరిగ్గా ఈ సంగతే తేల్చుకోవాలనుకున్నారు. వ్యాధి ముదురుతూ, నడక బాగా దెబ్బతిన్న 72 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోబో, రెండో జట్టుకు ఫిజియోథెరపిస్టు సాయంతో నేలమీద నడక. రెండు జట్లకూ నాలుగు వారాల్లో 12 సెషన్లే. 2020లో ఫలితాలు వచ్చాయి. రెండు జట్లూ కొంత మెరుగుపడ్డాయి గానీ నడక వేగంలో రోబో జట్టు ముందుకు పోలేదు. ఆ మెరుగు కూడా ఎక్కువ కాలం నిలిచేదిగా కనిపించలేదు. యంత్రం లేని ఊళ్లో ఉన్నామని దిగులుపడేవాళ్లకు నా దృష్టిలో ఇది మంచి కబురే. అప్పు చేసి రోబో సెషన్లు కొనబోయేవాళ్లు మాత్రం కాస్త ఆగాలి.

అపోహ: మోటార్లున్నాయిగా, మనం ఊరికే నిలబడితే చాలు.

చాలదు. కాళ్లు యంత్రానికి వదిలేసి కబుర్లు చెబుతుంటే కండరాలు, మెదడు పెద్దగా పనిచేయవు. అందుకే మంచి థెరపిస్టు వీలైనప్పుడల్లా మోటారు సాయం తగ్గిస్తూ, రోగే కష్టపడేలా చూస్తారు.

అపోహ: ఎమ్మెస్ ఉన్నవాళ్లు ఒళ్లు అలిసేలా కదిలితే జబ్బు తిరగబెడుతుంది.

ఒకప్పుడు డాక్టర్లే విశ్రాంతి తీసుకోమనేవారు. 1996లో అమెరికాలోని యూటా పరిశోధకులు 15 వారాల ఏరోబిక్ వ్యాయామం మేలే చేస్తుందని చూపాక ఆ ధోరణి మారింది. ఒళ్లు వేడెక్కితే చూపు మసకబారడం, కాళ్లు బరువెక్కడం నిజమే. ఇలా చూపు మసకబారడాన్ని జర్మన్ కంటి వైద్యుడు ఊథాఫ్ 1890లోనే గమనించాడు. చల్లబడ్డాక ఆ ఇబ్బంది పోతుంది. అది జబ్బు తిరగబెట్టడం కాదు. మన మే నెల ఎండల్లో మాత్రం సెషన్‌ను పొద్దున్నే, ఏసీ గదిలో పెట్టించుకోవాలి.

అపోహ: ఒంటికి తొడుక్కునే రోబో కొని ఇంట్లోనే నడవొచ్చు.

ఎమ్మెస్ రోగుల కోసం ఎక్సో కంపెనీ ఎక్సోస్కెలిటన్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2022లో అనుమతి ఇచ్చింది. అది రిహాబ్ కేంద్రంలో, శిక్షణ పొందిన థెరపిస్టు పక్కనుండగా వాడాల్సిన పరికరం. ఎముకలు బాగా గుల్లబారినా, పట్టీలు బిగించేచోట పుండ్లున్నా, కాలి రక్తనాళాల్లో గడ్డలున్నా ముందే డాక్టరుకు చెప్పాలి.