చిన్నితెర నుంచి... అంగారకుడి దాకా!

ఆయన రాకెట్ ఇంజినీరు కాదు. ఖగోళ శాస్త్రవేత్త అసలే కాదు. అయినా అంతరిక్ష నౌకలు తయారుచేసే చోట పెద్ద బాధ్యతే దక్కింది. కథ చెప్పడం తెలియడమే అందుకు అర్హత. ఆయనే బ్లెయిన్ బ్యాగెట్.

అమెరికాలో అప్పట్లో ప్రేక్షకుల చందాలు, విరాళాలు, ప్రభుత్వ సాయంతో నడిచిన పబ్లిక్ టెలివిజన్‌లో ఆయన నిర్మాతగా పనిచేశారు. రోదసి యాత్రల చరిత్ర చెప్పిన 'స్పేస్‌ఫ్లైట్' (1985) ఆయనకు పేరు తెచ్చింది. తర్వాత లాస్‌ఏంజెలిస్‌లోని కేసీఈటీ స్టేషన్‌లో ఉపాధ్యక్షుడి స్థాయికి ఎదిగారు. కార్ల్ సేగన్ 'కాస్మోస్' రూపుదిద్దుకున్నదీ ఆ స్టేషన్‌లోనే. బీబీసీతో కలిసి 1996లో అక్కడ తీసిన 'ది గ్రేట్ వార్' మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఎనిమిది భాగాల్లో చూపింది. సేనాపతుల వ్యూహాలతో పాటు మామూలు సైనికుల ఉత్తరాలు, డైరీలకూ అందులో పెద్దపీట వేశారు. ఎమ్మీ అవార్డు వచ్చింది.

అంత పేరొచ్చాక బ్యాగెట్ దారి మార్చారు. నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ(జేపీఎల్)లో ప్రచార, విద్యా విభాగం పగ్గాలు అందుకున్నారు. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహంలోని ఎల్-బ్యాండ్ రాడార్‌ను తయారుచేసింది ఈ ల్యాబే.

అక్కడ చెప్పాల్సినవన్నీ శుభవార్తలే కావు. 1999లో జేపీఎల్ పంపిన రెండు అంగారక నౌకలు నెలల తేడాతో పోయాయి. అందులో ఒకటి పోవడానికి కారణం... లెక్కల్లో కొలమానాలు కలగాపులగం కావడం! ఒక బృందం పౌండ్లలో ఇచ్చిన లెక్కను మరో బృందం మెట్రిక్ పద్ధతిలో ఉందనుకుంది. కోట్ల డాలర్ల ప్రజాధనం బూడిదైంది.

ఇలాంటి చోట గెలిస్తే డప్పు కొట్టి, ఓడితే తలుపులు మూసుకోవచ్చు. జేపీఎల్ అలా చేయలేదనడానికి 2012 ఆగస్టే సాక్ష్యం. దాదాపు 250 కోట్ల డాలర్ల క్యూరియాసిటీ రోవర్ అంగారకుడిపై దిగడానికి కొన్ని వారాల ముందు 'సెవెన్ మినిట్స్ ఆఫ్ టెర్రర్' అనే చిన్న వీడియో విడుదల చేసింది. గంటకు 21 వేల కిలోమీటర్ల వేగాన్ని ఏడు నిమిషాల్లో సున్నాకు తేవాలి. అక్కడి సంకేతం భూమికి చేరాలంటే పద్నాలుగు నిమిషాలు పడుతుంది. అంటే, నౌక వాతావరణంలోకి దూకిందని మనకు తెలిసేసరికే రోవర్ బతికిందో పోయిందో తేలిపోయి ఉంటుంది! ఏదేది బెడిసికొట్టొచ్చో ఇంజినీర్లే కెమెరా ముందు చెప్పారు. ఆ రాత్రి న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోనూ జనం పెద్ద తెర ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. అంగారకుడిపై చక్రాలు ఆనగానే కేరింతలే కేరింతలు!

బ్యాగెట్ మాత్రం కెమెరాను వదల్లేదు. 'జేపీఎల్ అండ్ ది స్పేస్ ఏజ్' పేరుతో ల్యాబ్ చరిత్రను వరస డాక్యుమెంటరీలుగా తీశారు. అందులో 'సేవింగ్ గెలీలియో' ఒకటి. గురుగ్రహానికి వెళ్తుండగా ప్రధాన యాంటెనా తెరుచుకోని నౌకను, చిన్న యాంటెనాతోనే ఎలా పనిచేయించారన్నదే ఆ కథ.

ఇంట్లో ఎప్పుడూ కబుర్లు చెబుతూ, కెమెరా పట్టుకు తిరిగే పిల్లలుంటే 'సైన్సు నీకెందుకులే' అనకండి. అంతరిక్షానికి వాళ్లూ కావాలి!