కంప్యూటరులోని మాతృఫలకము

నేడు కంప్యూటరు మన బిడ్డల చదువులో ఒక భాగమైనది. తమిళనాడు ప్రభుత్వము 2011వ సంవత్సరమున ప్రభుత్వ పాఠశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలోను చదువు విద్యార్థులకు ఉచితముగా ల్యాప్‌టాప్ కంప్యూటర్ల నొసగు పథకమును ప్రారంభించినది. దానివలన అంతకుమున్ను ఈ యంత్రము నెరుగని గృహములకు కూడ అది వచ్చి చేరినది. తెర వెలుగుచున్నంత కాలము లోపల నేమున్నదో ఎవరును విచారింపరు. తెర వెలుగని నాడు మాత్రము "మదర్‌బోర్డు పోయినది" అను మాట వినవలసివచ్చును. ఆ మాట వెంటనే వేల రూపాయల వ్యయము కూడ వచ్చును. అది ఎంతవరకు నిజమో విచారించుటకు ఆ వస్తువు ఎట్టిదో కొంత తెలిసియుండుట అవసరము. కావున తల్లిదండ్రుల ఉపయోగార్థము ఈ విషయమును సంగ్రహముగా వివరించుచున్నాము.

మదర్‌బోర్డు అనగా మాతృఫలకము. గాజునారను ఒకవిధమగు జిగురుతో గట్టిపరచి చేసిన పలక యిది. దీనిపై సన్నని రాగిరేకును అతికించి, అక్కరలేని భాగమును రసాయనములతో కరిగించివేయుదురు. మిగిలిన రాగి గీతలే విద్యుత్తు ప్రవహించు దారులు. ఇట్టి రాగి పొరలు ఒకదానిపై నొకటిగా నాలుగు, ఆరు, లేక అంతకు మించి యుండును. పడుగు పేకలవలె ఒక పొరలోని గీతలు మరియొక పొరలోని గీతలను దాటిపోవును గాని వానిని తాకవు. కలియవలసిన చోట మాత్రము సన్నని రంధ్రముగుండా కలియును.

పూర్వము కంప్యూటరులో ఇట్టి ఒక్క పలక యుండెడిది కాదు. హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ సంస్థ నుండి 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరు వెలువడినది. ఆ తరపు యంత్రములలో అనేక చిన్న పలకలను బీరువావంటి పెట్టెలో వరుసగా అమర్చి తీగలతో కలిపెడివారు. 1981లో అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ తన వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసినది. అందు ముఖ్యాంగములు ఒకే పలకపై నుండి, అదనపు పలకలను గ్రుచ్చుకొనుటకు ఐదు గాళ్లు ఉండెను. బల్లమీది కంప్యూటర్లు నేటికిని ఆ పద్ధతిలోనే నడచుచున్నవి.

ఇక దీని ముఖ్యాంగములు. మొదటిది ప్రాసెసరు. లెక్కలన్నియు చేయునది ఇదియే. పని చేయునపుడు మిక్కిలి వేడెక్కును గనుక దానిపై లోహపు రెక్కల దిమ్మెయు, పంకాయు ఉండును. రెండవది ర్యామ్, అనగా తాత్కాలిక జ్ఞాపకము. చేయుచున్న పనికి కావలసిన సమాచారము ఇందుండును. విద్యుత్తు ఆగినచో ఇది సమస్తమును మరచును. ఎల్లప్పుడు నిలువయుండవలసినది డిస్కులో నుండును. మూడవది చిప్‌సెట్. మీటల పలక, డిస్కు, యు.ఎస్.బి. మొదలగు వాని రాకపోకలను ఇది నడపును. నాలుగవది బయాస్ అను చిన్న చిప్పు. యంత్రము మేల్కొనగానే ఏమి చేయవలెనో అందు వ్రాయబడియుండును. ఐదవది నాణెము వంటి 3 వోల్టుల బ్యాటరీ. యంత్రము ఆగియున్నపుడును గడియారము నడచుట దీనివలననే. ఆ గడియారపు స్ఫటికము సెకనునకు 32,768 మారులు కంపించును. ఆ సంఖ్యను వరుసగా 15 మారులు సగము చేసిన ఒకటి వచ్చును. అదియే ఒక సెకను.

విద్యుత్తు సరఫరా పెట్టె గోడనుండి వచ్చు 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఫలకమున కిచ్చును. ప్రాసెసరునకు కావలసినది సుమారు ఒక వోల్టు మాత్రమే. ఫలకముపై దాని చుట్టును గల చిన్న భాగములు 12 వోల్టులను ఆ మేరకు తగ్గించును.

ఇవి యన్నియు కలసి పనిచేయు విధము మన సత్రపట్టి వారికి సులభముగా బోధపడును. బ్యాండేజీ గుడ్డ నేయు మరమగ్గమును చూడుడు. పడుగు విడివడుట, నాడె పరుగెత్తుట, పేకపోగును దగ్గరకు కొట్టుట అను మూడును ఒకే ఇరుసు తిరుగుడుతో తాళము తప్పక జరుగును. నాడె ఒక్క క్షణము ముందుగా పోయినచో దారములు తెగును. ఫలకముపై ఆ ఇరుసు చేయు పనిని మరియొక స్ఫటికము చేయును. దాని కంపనములను అనుసరించియే అంగములన్నియు అడుగు వేయును. ఆ తాళమును హెచ్చించుకొని నేటి ప్రాసెసరు సెకనునకు 300 కోట్ల అడుగుల వరకును, అంతకు మించియు వేయగలదు.

మీట నొక్కగానే ప్రాసెసరు మొదట బయాసును చదువును. జ్ఞాపకము, మీటల పలక, తెర సరిగా నున్నవో లేవో పరీక్షించును. పిమ్మట డిస్కులోని నిర్వాహక కార్యక్రమమును ర్యామ్‌లోనికి తెచ్చి పనికి దిగును. ఈ వరుస తెలిసినచో దోషమెచ్చటనో కొంత ఊహింపవచ్చును. తేదీయు వేళయు దినదినము తప్పుచున్నచో చిన్న బ్యాటరీ అయిపోయినదని అనుమానింపవచ్చును. దాని వెల స్వల్పము. బీప్ శబ్దములు చేసి తెర వెలుగకున్నచో ర్యామ్ పలక గాడిలో వదులైనదేమో చూపించవలెను. కొంతసేపు నడచి తానే ఆగిపోవుచున్నచో వేడిని శంకింపవలెను. వీనిని విచారించిన పిమ్మటనే ఫలకము మార్చుమాట ఆలోచింపవలెను. ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసరు, కొన్నింట ర్యామ్ కూడ, ఫలకమునకే అతుకబడియుండును గనుక అచ్చట మరమ్మతు కష్టతరము.

మన ఊరి విషయమున ఒకటి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మగ్గముల చెంత ఎగురు నూలు దూది పంకాలో చిక్కుకొని గాలిని అడ్డగించును. అందుచే వేడి పెరిగి యంత్రపు ఆయుష్షు తగ్గును. యంత్రమును మగ్గమున్న గదిలో నుంచరాదు. పరుపుపై నుంచి నడపరాదు. కొన్ని మాసముల కొకసారి తెలిసినవారిచే దూదిని తీయించవలెను. ఉరుములు మెరుపులు గల వేళ ప్లగ్గును తీసివేయవలెను. విద్యుత్ సరఫరా పెట్టెను పిల్లలు విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను అందు ప్రమాదకరమగు విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. పాడైన ఫలకమును రాగికొరకు కాల్చుట మిక్కిలి అనర్థము. పాత ఫలకముల అతుకులలోని సీసము, కాలిన జిగురు పొగ, బిడ్డల దేహమునకు విషము. అట్టివానిని ఎలక్ట్రానిక్ వ్యర్థములను స్వీకరించు చోటనే ఒప్పగింపవలెను.

పనికిరాని పాత ఫలకము ఇంట నున్నచో దాని బ్యాటరీని తీసివేసి, పెద్దల సమక్షమున బిడ్డల కొకమారు చూపుడు. ఏది ప్రాసెసరు గాడి, ఏది ర్యామ్ గాడి యని వారిచేతనే తెలుగులో చెప్పించుడు. చూపిన తరువాత చేతులు కడిగించుడు. ఒక్క పూట అట్లు చూచినది వారి మనస్సున చిరకాలము నిలుచునని మా నమ్మకము.