పసుపు దీపం వెలిగితే సెన్సర్‌నే నిందించవద్దు

* ఇంజిన్ నాడి పట్టేది ఆక్సిజన్ సెన్సరే
* అసలు లోపం వెతకకుండా మారిస్తే ఖర్చు వృథా
* ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుతో పెరిగిన ప్రాధాన్యం

నరసరావుపేట: కారు డ్యాష్‌బోర్డుపై ఇంజిన్ ఆకారంలో పసుపు దీపం వెలిగిందంటే యజమాని గుండె గుభేలుమంటుంది. షెడ్డుకు తీసుకెళితే స్కానర్ పెట్టి ‘ఆక్సిజన్ సెన్సర్ పోయింది’ అని తేల్చేయడం పరిపాటిగా మారింది. వేలు పోసి కొత్తది బిగించిన కొద్ది రోజులకే అదే దీపం మళ్లీ వెలుగుతున్న సందర్భాలూ ఉంటున్నాయి. నరసరావుపేట నుంచి మాచర్ల, గురజాల, నాగార్జునసాగర్ మార్గాల్లో అద్దె కార్లు నడుపుకొని బతికేవారికి ఇది రెండు విధాలా నష్టం. సెన్సర్ ఖరీదు ఒకటైతే, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ పోయే కిరాయి మరొకటి. జ్వరం చూపించిందని థర్మామీటరును మార్చినంత మాత్రాన జ్వరం తగ్గదు. ఆక్సిజన్ సెన్సర్ విషయమూ అంతే. అది ఏం చెబుతోంది, ఎందుకు చెబుతోంది అన్నది తెలిస్తే అనవసర ఖర్చును చాలావరకు తప్పించుకోవచ్చు.

మరతో సరిచేసిన రోజులు

అంబాసిడర్, పద్మిని, తొలినాటి మారుతీ 800 కార్లలో పెట్రోలును గాలితో కలిపే పని కార్బ్యురేటర్‌ది. మెకానిక్ ఇంజిన్ శబ్దం చెవితో విని, మిక్చర్ స్క్రూను అటూ ఇటూ తిప్పి మిశ్రమాన్ని కుదిర్చేవారు. ప్లగ్గు ఊడదీసి చూస్తే సంగతి తెలిసిపోయేది. నల్లగా మసిబారితే పెట్రోలు ఎక్కువైనట్లు, తెల్లగా మాడితే తక్కువైనట్లు, ఇటుక రంగులో ఉంటే సరిగా ఉన్నట్లు లెక్క.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ నిష్పత్తి కంటే పెట్రోలు ఎక్కువైతే ‘రిచ్’ అని, తక్కువైతే ‘లీన్’ అని వ్యవహరిస్తారు. అయితే గాలి బరువు ఎప్పుడూ ఒకేలా ఉండదు. వేసవిలో రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రాంతాల్లో రెంటచింతల ఒకటి. 25 డిగ్రీల వద్ద ఉన్న గాలితో పోలిస్తే 45 డిగ్రీల ఎండలో అంతే పరిమాణం గల గాలి బరువు సుమారు 6 శాతం తగ్గుతుంది. శీతాకాలం ఉదయాన కుదిర్చిన స్క్రూ మే నెల మధ్యాహ్నానికి సరిపోకపోవడానికి కారణమిదే. స్క్రూకు ఎండ, చలి తెలియవు. ఆ లోటును తీర్చడానికి వచ్చిందే ఆక్సిజన్ సెన్సర్.

పొగలో ఆక్సిజన్ లెక్క

జర్మనీకి చెందిన బాష్ సంస్థ రూపొందించిన ఈ సెన్సర్‌ను 1976లో వోల్వో కార్లలో తొలిసారి అమర్చారు. గాలి, ఇంధన నిష్పత్తిని సూచించే గ్రీకు అక్షరం పేరుతో దీనిని ‘లాంబ్డా సెన్సర్’ అని కూడా అంటారు. ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే గొట్టానికి దీనిని బిగిస్తారు. లోపల జిర్కోనియా అనే పింగాణీ వంటి పదార్థం ఉంటుంది. దీనికి ఒకవైపు వేడి పొగ, మరోవైపు బయటి గాలి తగులుతుంటాయి. సుమారు 300 డిగ్రీలు దాటి వేడెక్కిన తర్వాత రెండు వైపులా ఉన్న ఆక్సిజన్ తేడాను బట్టి ఇది స్వల్పంగా విద్యుత్తు పుట్టిస్తుంది.

పొగలో ఆక్సిజన్ మిగలకపోతే, అంటే పెట్రోలు ఎక్కువైతే సుమారు 0.9 వోల్టు వస్తుంది. ఆక్సిజన్ మిగిలితే 0.1 వోల్టుకు పడిపోతుంది. నడుమ ఉన్న 0.45 వోల్టు దగ్గర మిశ్రమం సరిగా కుదిరినట్లు. ఈ సంకేతాన్ని అందుకున్న కంప్యూటర్ ఇంజెక్టర్ తెరుచుకొనే సమయాన్ని తగ్గిస్తూ, పెంచుతూ ఉంటుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న సెన్సర్ వోల్టేజీ ఒకచోట నిలబడదు. బండి నిలకడగా సాగుతున్నప్పుడు కిందికీ పైకీ ఊగుతూనే ఉంటుంది. ఊగడం మానేస్తేనే అనుమానించాలి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటర్ ఈ సంకేతాన్ని పక్కనపెట్టి ముందే నిర్ణయించిన లెక్క ప్రకారం పెట్రోలు ఇస్తుంది. కోటప్పకొండ ఘాట్‌రోడ్డును నిండు బండితో, యాక్సిలరేటర్ అదిమిపెట్టి ఎక్కుతున్నప్పుడు మైలేజీ తగ్గడానికి ఇదీ ఒక కారణమే.

కంప్యూటర్ చిట్టా

ప్రతి క్షణం చేసే సవరణను కంప్యూటర్ శాతాల్లో రాసుకొంటుంది. అప్పటికప్పుడు చేసేదానిని ‘షార్ట్ టర్మ్ ట్రిమ్’ అని, అలవాటుగా స్థిరపడినదానిని ‘లాంగ్ టర్మ్ ట్రిమ్’ అని అంటారు. లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 5 అని ఉంటే లెక్క ప్రకారం ఇవ్వాల్సిన దానికంటే 5 శాతం పెట్రోలు ఎక్కువ ఇస్తున్నట్లు, మైనస్ 5 అయితే అంత తగ్గిస్తున్నట్లు అర్థం. సాధారణంగా రెండూ కలిపి 10 శాతం లోపు ఉంటే కంగారు పడనవసరం లేదు. అది 20, 25 శాతానికి చేరి కంప్యూటర్ సవరణ హద్దులు దాటే పరిస్థితి వస్తే పసుపు దీపం వెలుగుతుంది. మిశ్రమం పలచనైతే పి 0171, చిక్కనైతే పి 0172 అనే కోడ్ స్కానర్‌లో కనిపిస్తుంది. ఈ రెండు కోడ్‌లూ మిశ్రమం చెడిందని చెబుతాయే గాని సెన్సర్ చెడిందని చెప్పవు. ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు.

ఇథనాల్ పెట్రోలుతో కొత్త లెక్క

దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో ప్రారంభించగా, 2025 నాటికి ఆ లక్ష్యాన్ని చేరుకున్నారు. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉండటం వల్ల కిలో ఇథనాల్ మండటానికి 9 కిలోల గాలి చాలు. దీంతో 20 శాతం మిశ్రమానికి కావాల్సిన గాలి 14.7 నుంచి సుమారు 13.5 కిలోలకు తగ్గుతుంది. పాత లెక్క ప్రకారమే ఇంధనం ఇస్తే మిశ్రమం పలచనవుతుంది. సెన్సర్ దీనిని పసిగట్టడం, కంప్యూటర్ అదనంగా ఇంధనం ఇవ్వడం చోదకుడికి తెలియకుండానే జరిగిపోతాయి. ట్రిమ్ కొన్ని శాతాలు ప్లస్‌లోకి జరగడం ఇందువల్లనే. అది లోపం కాదు.

అయితే ఇథనాల్‌లో శక్తి తక్కువ. పది శాతం మిశ్రమానికి సర్దిన పాత కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం వరకు తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. ఈ తగ్గుదలను సెన్సర్ మార్చి పూడ్చుకోవడం సాధ్యం కాదు. పాత కారులో రబ్బరు పైపుల మన్నికకు కూడా సెన్సర్‌తో సంబంధం లేదు. వాటిని విడిగా చూపించుకోవాల్సిందే.

సెన్సర్‌కు పెట్రోలు కనపడదు

గుర్తుంచుకోవాల్సిన ముఖ్య విషయం ఒకటుంది. ఈ సెన్సర్ కొలిచేది ఆక్సిజన్‌ను మాత్రమే, పెట్రోలును కాదు. ఒక సిలిండర్‌లో ప్లగ్గు సరిగా కాల్చక మిస్సింగ్ కొడుతుంటే ఆ సిలిండర్‌లోని గాలి, పెట్రోలు మండకుండానే గొట్టంలోకి వస్తాయి. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూసి ‘పలచన’ అంటుంది. కంప్యూటర్ ఇంకా పెట్రోలు పోస్తుంది. పొగ గొట్టానికి సెన్సర్ కంటే ముందు చిన్న పగులు ఉన్నా బయటి గాలి లోనికి చేరి ఇదే పొరపాటు జరుగుతుంది. రెండు సందర్భాల్లోనూ సెన్సర్ తన పని తాను సక్రమంగానే చేస్తున్నట్లు.

అనుభవజ్ఞులైన మెకానిక్‌లు కోడ్ చూసి ఆగిపోరు. ఇంజిన్ వేడెక్కాక మొదట ఐడిలింగ్‌లో, తర్వాత నిమిషానికి 2,500 చుట్ల వేగంలో ట్రిమ్ చూస్తారు. లోనికి వచ్చే గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో ఐడిలింగ్‌లో ట్రిమ్ బాగా ఎక్కువగా ఉండి, వేగం పెంచగానే తగ్గితే మానిఫోల్డ్ వద్ద గానీ రబ్బరు గొట్టాల వద్ద గానీ గాలి లీకవుతున్నట్లు భావించాలి. వేగం, బరువు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టరు, ఇంజెక్టర్లు చూడాలి. గాలిని కొలిచే సెన్సర్‌పై దుమ్ము పేరుకున్నా ఇలాగే జరుగుతుంది. పిడుగురాళ్ల పరిసరాల్లోని సున్నపు బట్టీలు, సిమెంటు కర్మాగారాల మీదుగా తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టర్ కాలపరిమితి ముగిసేదాకా ఆగకుండా ముందే చూపించుకోవడం మేలు.

సెన్సర్ పాడవదా అంటే పాడవుతుంది. ఇంజిన్ ఆయిల్ మండినా, హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ సిలిండర్‌లోకి చేరినా, నాసిరకం సిలికాన్ గమ్ము వాడినా దానిపై పూత పేరుకొని స్పందన మందగిస్తుంది. లోపలి హీటర్ కాలిపోవచ్చు. ఎలుకలు వైరు కొరికినా సంకేతం రాదు. కొన్ని కార్లలో ఇప్పుడు ‘వైడ్ బ్యాండ్’ సెన్సర్లు వస్తున్నాయి. వీటిని పాత పద్ధతిలో 0.1 నుంచి 0.9 వోల్టు లెక్కతో పరీక్షిస్తే మంచిదీ చెడ్డదిగానే కనిపిస్తుంది.

దీపం ఆర్పితే ముప్పు తప్పదు

సెన్సర్ వైరు తప్పించి, దొంగ సంకేతం ఇచ్చే పరికరం బిగించి దీపం ఆర్పించుకోవడం ప్రమాదకరం. మిశ్రమం చిక్కనైపోతే మండని పెట్రోలు కటాలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. లోపలి తేనెపట్టు వంటి గూడు కరిగిపోయి గొట్టం మూసుకుపోతుంది. దాని ఖరీదు సెన్సర్‌కు ఎన్నో రెట్లు. అంతేకాదు, బీఎస్-4, ఆపై ప్రమాణాల పెట్రోలు కార్లకు కాలుష్య పరీక్షలో లాంబ్డా విలువ 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలన్న నిబంధన ఉంది. మిశ్రమం ఆ హద్దు దాటితే ధ్రువపత్రం అందదు.

షెడ్డుకు వెళ్లేవారు అడగాల్సినవి

* కోడ్ ఒక్కటే కాక, ట్రిమ్ ఎంత ఉందో స్కానర్‌లో చూపించమని కోరాలి.
* ముందుగా ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, గాలి గొట్టాలు, పొగ గొట్టం లీకులు చూడాలి.
* సెన్సర్ మార్చక తప్పదంటే వోల్టేజీ స్పందన గానీ, హీటర్ పరీక్ష గానీ చేయించాలి.
* మార్చిన తర్వాత పాత ట్రిమ్‌ను చెరిపించి, కొన్ని కిలోమీటర్లు నడిపి తిరిగి చూడాలి. ట్రిమ్ మళ్లీ పాత స్థాయికే చేరితే అసలు జబ్బు వేరేచోట ఉన్నట్లు.
* దీపం నిలకడగా కాకుండా ఆరుతూ వెలుగుతుంటే మిస్సింగ్ తీవ్రంగా ఉన్నట్లు. వేగం తగ్గించి, సాధ్యమైనంత త్వరగా బండి ఆపాలి.