కావలి నుంచి ఉడుపి దాకా

రాబర్ట్ మ్యాలెట్ అనే ఐరిష్ ఇంజనీరు 1849లో డబ్లిన్ దగ్గర కిల్లినీ తీరాన ఇసుకలో గన్‌పౌడరు పాతి పేల్చాడు. దూరంగా గిన్నెలో పాదరసం పోసి, అదెప్పుడు వణుకుతుందా అని భూతద్దంలోంచి చూశాడు. నేలలో ప్రకంపనల వేగాన్ని కొలవాలన్నది ఆయన పంతం. ఇసుకలోనే కాక గ్రానైటులోనూ కొలిచి, అందులో సెకనుకు సుమారు 500 మీటర్లని తేల్చాడు. అసలు వేగం దానికి పదింతలు. ముందొచ్చే సన్నని అలకి పాదరసం కదల్లేదు. వెనకొచ్చిన పెద్ద అలే లెక్కలోకి ఎక్కింది.

ఆ గిన్నె స్థానంలోకి తర్వాత జియోఫోన్ వచ్చింది. చేతిలో ఇమిడే డబ్బా, అడుగున నేలలో గుచ్చే మేకు. లోపల అయస్కాంతం, స్ప్రింగుకి వేలాడే తీగచుట్ట. నేల అదిరితే డబ్బాతో పాటు అయస్కాంతం కదులుతుంది, చుట్ట ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఆ తేడాకి పుట్టే పిసరంత కరెంటే మనకి కావలసిన కబురు. చమురు వెతికేవాళ్లు దీన్ని ఎంత వాడారో చెప్పనక్కర్లేదు.

నెల్లూరు తీరానికి ఈ విద్య వచ్చింది మాత్రం చమురు కోసం కాదు. 1972లో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), సోవియట్ నిపుణుల తోడ్పాటుతో, నెల్లూరు జిల్లా కావలి నుంచి కర్ణాటకలోని ఉడుపి వరకు ద్వీపకల్పాన్ని అడ్డంగా కోస్తూ సుమారు 600 కిలోమీటర్ల సర్వే మొదలుపెట్టింది. దేశంలో ఇదే తొలి డీప్ సీస్మిక్ సౌండింగ్. బోర్లు వేసి అడుగున పేలుడు పదార్థం దించి పేల్చడం, వరసగా పాతిన జియోఫోన్లతో ఆ అదురుని పట్టుకోవడం. 1975 దాకా సాగింది.

అసలు చిక్కు ఇక్కడుంది. పరికరం చెప్పేది కాలమే, లోతు కాదు. నిలువుగా దిగి తిరిగొచ్చిన అలకి 12 సెకన్లు పట్టిందనుకోండి. వేగం సెకనుకు 6 కిలోమీటర్లయితే లోతు 36, ఆరున్నర అయితే 39. వేగంలో అర కిలోమీటరు తేడాకి మూడు కిలోమీటర్ల రాయి పుట్టుకొస్తుంది!

అందుకే జియోఫోన్లని వంద కిలోమీటర్లు దాటి కూడా పాతుతారు. ఊళ్లోంచి వెళ్లేవాడికంటే బైపాస్ మీద చుట్టు తిరిగినవాడు ముందు చేరినట్టు, లోతుకి దిగి, భూపటలం కిందున్న సెకనుకి 8 కిలోమీటర్ల వేగపు మాంటిల్ వెంట పరుగెత్తిన అల దూరపు జియోఫోన్‌ని ముందే తాకుతుంది. 1909 నాటి భూకంపం రికార్డుల్లో ఈ విడ్డూరాన్ని పసిగట్టినవాడు క్రొయేషియాకి చెందిన మొహొరోవిచిచ్. దూరం పెరిగేకొద్దీ కాలం ఎలా పెరిగిందో చూసి పొరల వేగాలు ఊహిస్తారు. ఆ ఊహతో కాలాలు లెక్కగట్టి, రికార్డుతో సరిపోల్చి, తేడా వస్తే నమూనా మారుస్తారు. కుదిరేదాకా ఇదే తంతు.

ఎన్‌జీఆర్‌ఐకి చెందిన కె.ఎల్. కైలా బృందం 1979లో ప్రకటించిన చిత్రంలో భూపటలం అడుగు 34 నుంచి 41 కిలోమీటర్ల లోతున తేలింది. నాకు అంతకంటే రుచించినది వెలిగొండల సంగతి. నెల్లూరు వైపు పాత శిలలు పడమటికి జరిగి కడప బేసిన్ అంచు మీదికెక్కాయని, ఆ పగులు ఏటవాలుగా లోపలికి దిగిందని ఆ చిత్రం చూపింది. కొండమీద నిలబడి చూస్తే దొరికే సాక్ష్యం కాదది.

దశాబ్దాల తర్వాత ఎన్‌జీఆర్‌ఐ వాళ్లే ఆ రికార్డులని బయటికి తీసి, కంప్యూటర్లతో కొత్త వేగ నమూనాలు కట్టారు. ఈసారి కొత్తగా ఒక్క బోరూ పేల్చలేదు.